ఊరి సేవయే లింగపూజ: హళకట్టివారి కాయక జీవితము

శివశరణుల ధర్మమున కాయకము, దాసోహము అను రెండు మాటలు బండికి రెండు చక్రముల వంటివి. ఒకటి లేనిదే రెండవది కదలదు. చెమటోడ్చి, సత్యము తప్పక చేయు పని కాయకము. ఆ పనివలన లభించిన దానిని నాదను భావము లేక గురు లింగ జంగమములకు, అనగా దైవస్వరూపమైన సమాజమునకు, సమర్పించుట దాసోహము. పండుగలనాడు వేదికలపై ఈ రెండు మాటలను పలుకని వక్త లేడు. అయినను కాయకమనగానే కుమ్మరి సారెయు, సాలెవాని మగ్గమును, రైతు నాగలియు తలపునకు వచ్చును గాని, మునిసిపాలిటీ సభ్యుని కుర్చీయు, సహకార బ్యాంకు చిట్టా పుస్తకమును, పాఠశాల పాలకవర్గపు సమావేశమును తలపునకు రావు. అరచేత ఇష్టలింగము నుంచుకొని ప్రాతఃకాలమున చేయు పూజ వేరనియు, పదిగంటలకు కచేరిలో చేయు సంతకము వేరనియు లోకులు విభజించుకొనియున్నారు. ఈ విభజన బసవధర్మమునకు సమ్మతము కాదు.

ఏలయన, బసవేశ్వరుడే ప్రజాధనమును చేతబట్టిన ఉద్యోగి. బిజ్జలుని కొలువులో చిన్న కరణికముతో మొదలిడి భండారి పదవి వరకు ఎదిగిన వాడు. కల్యాణపురపు బొక్కసము తాళపుచెవులు ఆయన చేతనుండెను. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలుని చెవి కొరికిరనియు, లెక్క చూడగా ఒక్క కాసైనను తగ్గలేదనియు పురాణకథ. దీనిని మహిమగా చెప్పుకొనుట భక్తుల వాడుక. మహిమను ప్రక్కనుంచి చూచినను ఇందొక గట్టి ధర్మమున్నది. ఇతరుల ధనమును కాపాడువాడు ఏ క్షణముననైనను లెక్క చూపుటకు సిద్ధముగా నుండవలెను. అట్లు సిద్ధముగా నుండుటయే వాని లింగపూజ.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఈ ధర్మమునకే మరియొక ముఖము. కల్యాణమున భక్తుల ముంగిళ్లలో రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఇల్లాలు సంతోషింపలేదు. ఆనాటికి అక్కరయైన దానికి మించి తెచ్చుట ఆశయే యగునని మందలించి, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. నేలరాలిన గింజ కెవ్వరును లెక్క అడుగరు. అడుగువారు లేనిచోట తనను తాను లెక్క అడుగుకొనుట లక్కమ్మ నేర్పిన పాఠము. వీధులూడ్చు కాయకము చేసిన సత్యక్కయు త్రోవలో పడియున్న బంగారమునైనను ముట్టనని వ్రతము పూనినది. ప్రజల నడుమ పనిచేయువారికి ఇంతకంటె మించిన శాసనము మరియొకటి యుండదు.

ఈ లక్కమ్మయు, ఈ సత్యక్కయు, ఇంకను వందలకొలది శరణులును పలికిన మాటలు నేడు చదువ వీలగుచున్నవన్న, దానికి ముఖ్యకారకుడు ఒక వకీలు. ఆయన పీఠాధిపతి కాడు, సన్న్యాసి కాడు. సంసారి, ఒక కరవుసీమ పట్టణమున ఊరి పనులు చూచుకొనుచు జీవితమంతయు గడిపిన గృహస్థు. ఆ మహనీయుడే ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు. కన్నడదేశము ఆయనను వచన పితామహుడని పూజించుచున్నది. ఆ బిరుదు సార్థకమే. కాని ఆ బిరుదు వెలుగులో ఆయన చేసిన ఊరి సేవ కొంత మరుగుపడినది. వచనములను వెదకిన చేయియు, ఊరికి నీరు తెచ్చుటకు పాటుపడిన చేయియు ఒక్కటే. ఆ రెండు పనులు ఒకే కాయకముగా నెట్లయ్యెనో గ్రహించినగాని ఆయన జీవితము బోధపడదు.

కరవుసీమ

బిజాపురము జిల్లా శరణులకు పుణ్యభూమి. బసవేశ్వరుని జన్మస్థానమైన బాగేవాడి ఆ జిల్లాలోనిదే. కృష్ణా మలప్రభల కలయికయైన కూడలసంగమము పూర్వమా జిల్లాలో నుండి నేడు బాగలకోట జిల్లాలో చేరియున్నది. బిజాపురమునకు 2014లో విజయపురమని అధికారికముగా నామకరణము జరిగినది. పుణ్యభూమియే గాని అది వాన మొగమెరుగని నేల. ఆదిల్‌షాహీ సుల్తానులు రాజధానిగా నేలినప్పుడు ఊరికి నీటికై ఎంతో శ్రమపడిరి. 1651లో త్రవ్వించిన బేగం తలాబు నుండి నేలలోపలి గొట్టములద్వారా నగరమునకు నీరు పారించిరి. 1686లో మొగలులచేత ఆ రాజ్యము కూలిన పిదప ఆ ఏర్పాటులును శిథిలమయ్యెను. గోల్‌గుంబజు మాత్రము నిలిచెను. దాని నీడన దప్పిగొన్న ఊరు మిగిలెను.

1876 నుండి 1878 వరకు దక్షిణాపథమును దహించిన మహాక్షామము బిజాపుర ప్రాంతమును తీవ్రముగా పీడించెను. ఆ క్షామమే బళ్లారి, కడప, కర్నూలు సీమలను కూడ అలమటింపజేసినది కావున తెలుగువారికి దాని నొప్పి తెలియనిది కాదు. ఆ ఘోరము ముగిసిన రెండేండ్లకు, 1880 జూలై 2వ తేదీన, హళకట్టివారు ధారవాడలో జన్మించిరి. తండ్రి గురుబసప్పగారు ఉపాధ్యాయులు, రచయిత. చదువులిల్లు గనుక కుమారునికి పుస్తకము మీది ప్రేమ ఉగ్గుపాలతో అబ్బినది. బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాలలో చదివి పట్టభద్రులై, 1904లో న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. కన్నడోద్యమమునకు ప్రాణము పోసిన ఆలూరు వెంకటరావుగారు బొంబాయిలో ఆయన కాలమువారే.

మొదట బెళగావిలో వకీలు వృత్తి నారంభించి, అచిరకాలములోనే బిజాపురమునకు మారి అచ్చటనే స్థిరపడిరి. వృత్తిలో మంచి పేరు వచ్చినది. ఆ కాలమున వకీలుకు పేరు వచ్చినచో మేడ కట్టవచ్చును, మాగాణి కొనవచ్చును. కోర్టులో దినదినము చూచిన దృశ్యములు ఆయన మనస్సును మరియొక త్రోవకు త్రిప్పినవి. చదువురాని రైతు వేలిముద్ర వేసిన పత్రము, వడ్డీ పెరిగి పెరిగి అసలును మింగిన అప్పు, చివరకు వేలమునకు వచ్చిన పొలము, ఇవియే ఆ కరవుసీమ వ్యాజ్యములు. ఒక్కొక్క కక్షిదారుని ఒక్కొక్క దావాలో గెలిపించినంత మాత్రమున ఊరి దుఃఖము తీరదు. వేరు ఎండిన చెట్టునకు ఆకులపై నీరు చల్లిన నేమి ఫలము? వేరునకు నీరు పోయవలెనని ఆయన నిశ్చయించిరి.

నీరు, అప్పు, చదువు

నీరు పోయుటయన్న మాట ఇచ్చట ఉపమానము మాత్రమే కాదు. బిజాపుర మునిసిపాలిటీలో సభ్యులుగను, ఉపాధ్యక్షులుగను పనిచేసిన కాలమున హళకట్టివారు ప్రధానముగ పట్టుకొన్నది త్రాగునీటి సమస్య. ఊరి వెలుపల భూతనాళ చెరువు నిర్మాణమునకు పాటుపడినవారిలో ఆయన ముఖ్యులు. సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున యోగముతోపాటు చెరువులు త్రవ్వించుటయు శివకార్యముగా చేసెను. షోలాపురపు చెరువు నేటికిని ఆయన పేరు చెప్పుచున్నది. సిద్ధరాముడు గడ్డపార పట్టించినచోట హళకట్టివారు మునిసిపాలిటీ తీర్మానమును, అర్జీని, అంచనా పత్రమును పట్టిరి. పనిముట్లు మారినవి, దప్పి మారలేదు, ధర్మమును మారలేదు.

రెండవది అప్పు. సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. మరుసటి ఏడు గదగు దాపున కణగినహాళ గ్రామమున సిద్ధనగౌడ పాటీలుగారు సహకార సంఘమును స్థాపించి కన్నడసీమకు త్రోవ చూపిరి. ఆ త్రోవలోనే హళకట్టివారు 1912లో బిజాపురమున శ్రీ సిద్ధేశ్వర సహకార బ్యాంకును నెలకొల్పిరి. పదిమంది చిన్న చిన్న వాటాలు వేసి మూలధనము కూర్చుకొందురు. కలిగినవారు డిపాజిట్టు చేయుదురు, అక్కరగలవారు జామీను చూపి తగిన వడ్డీకి అప్పు తీసికొందురు. వచ్చిన లాభములో కొంత నిధిగా మిగులును. ఎవ్వడును ఎవ్వనికి దాత కాడు, ఎవ్వడును యాచకుడు కాడు. కల్యాణమున శరణుల దాసోహము ఏ సూత్రముపై నడిచెనో, ఈ బ్యాంకు కూడ ఆ సూత్రముపైననే నడువవలెనని వారి యాశయము. దానము పొందువాడు తల దించుకొనును. సహకారమున పాల్గొనువాడు తల ఎత్తుకొని నిలుచును. కాయకము చేయువానికి తల ఎత్తుకొను హక్కు కలదని బసవేశ్వరుడు చాటిన మాటకు ఇది ఇరువదవ శతాబ్దపు రూపము.

మూడవది చదువు. 1910లో బిజాపుర లింగాయత జిల్లా విద్యాసంస్థ స్థాపించుటకు హళకట్టివారే మూలపురుషులు. పల్లెల పిల్లలకు పట్టణములో చదువుకొను వసతి లేని దినములవి. పిల్లవాడు నాగలి వెంట నడచుటయే గాని పలక పట్టుట యరుదు. ఆనాడు నాటిన విత్తు నేడు మహావృక్షమై వైద్యకళాశాలను, ఇతర కళాశాలలను ధరించి, 2008లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తిని పొందినది. ఆ భవనములను చూచి ముచ్చటపడువారు పునాదిరాయిని కూడ ఒక్కమారు తలచుట ధర్మము. ఇదిగాక ఆయన బొంబాయి శాసనమండలిలో సభ్యులుగా కూడ కొంతకాలముండి తమ సీమ కష్టములను అచ్చట వినిపించిరి.

పూజలో మునిగిన మాటలు

ఇంతటితో ఆగిన, ఆయన ఒక మంచి పౌరుడుగా మాత్రమే మిగిలెడివారు. ఈ పనులన్నింటి నడుమ ఆయన కంటబడినవి తాళపత్ర గ్రంథములు. శరణుల ఇండ్లలోను, మఠములలోను తాటాకు కట్టలు గుడ్డలలో చుట్టబడియుండెను. భక్తులు వానికి విభూతి పూసి, పత్రి పెట్టి, ధూపము వేసి మ్రొక్కుచుండిరి. విప్పి చదువువారు మాత్రము లేరు. తాతగారు మ్రొక్కిరి గనుక తండ్రి మ్రొక్కెను. తండ్రి మ్రొక్కెను గనుక కొడుకు మ్రొక్కెను. పైన పూజ జరుగుచుండగా లోపల చెదపురుగు తన పని తాను చేసికొనిపోవుచుండెను. శరణుల మాటలకు ఇంతకంటె విపరీతమైన గతి యుండునా? దేవుని మాట అందరికి తెలియవలెనని జనుల భాషలో పలికిరి వారు. ఆ మాటలే గుడ్డచుట్టలో బందీలై మూగవోయినవి. అనాదరమువలన నశించినది కొంత. చదువు లేని ఆదరమువలన నశించినది అంతకంటె ఎక్కువ.

హళకట్టివారు ఊరూర తిరిగిరి. ఇంటింట అడిగిరి. కొందరు సంతోషముతో నిచ్చిరి. కొందరు పూజావస్తువు గడప దాటరాదనిరి. అట్టివారిని ఒప్పించి ప్రతి వ్రాసికొనిరి. ఇట్లు ఏండ్ల తరబడి కూర్చిన తాళపత్ర ప్రతులు వేయికి మించినవని చెప్పుదురు. తాటాకు చదువుట తేలికపని కాదు. గంటముతో గీచిన అక్షరములకు నడుమ ఎడముండదు, విరామచిహ్నములుండవు. మసి పూసినగాని అక్షరము కనబడదు. పద్యమునకైనను ఛందస్సు దారి చూపును గాని వచనమున కదియు లేదు. ఇన్ని వచనముల రాశిలో ఎవరి మాట ఎవరిదో తెలియుటకు ఒకే ఆధారము అంకితము. కూడలసంగమదేవుడని ముగిసిన బసవేశ్వరునిది. గుహేశ్వరుడని ముగిసిన అల్లమప్రభువుది. రామనాథుడని ముగిసిన దేవర దాసిమయ్యది. శ్రీశైలవాసుడైన చెన్నమల్లికార్జునుని పేర ముగిసిన అక్కమహాదేవిది. ఈ అంకితముల దారము పట్టుకొని ముత్యములను వేరు వేరు హారములుగా గ్రుచ్చిరి. అంతకుముందు లోకమెరిగిన వచనకారులు ఏబదిమందికి మించరు. హళకట్టివారి కృషిచే వెలుగులోనికి వచ్చిన వారి సంఖ్య సుమారు 250. అందు చెప్పులు కుట్టినవారు, బట్టలుతికినవారు, పశువులు కాచినవారు, దంచి విసరిన స్త్రీలు కలరు. చరిత్ర మరచిన జనులకు మరల నోరు వచ్చినది.

అచ్చువేయించుట మరియొక తపస్సు. మొదట మంగళూరులోని ఒక ముద్రణాలయమున కప్పగింపగా వారు ముద్రింపనొల్లక వ్రాతప్రతిని త్రిప్పిపంపిరి. నిరాశ చెందక ప్రయత్నింపగా 1923లో బెళగావిలో 'వచనశాస్త్రసార' ప్రథమభాగము వెలువడినది. ఇతరుల ముద్రణాలయములపై ఆధారపడిన ఈ పని సాగదని గ్రహించి, 1925లో తామే బిజాపురమున హితచింతక ముద్రణాలయమును నెలకొల్పిరి. అందులకై సొంత ఇంటిని విక్రయించిరి. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగు సామెత. కట్టిన యిల్లు అమ్ముకొని అచ్చుయంత్రము కొన్న గృహస్థు కష్టము ఆ సామెతకును అందనిది.

1926లో 'శివానుభవ' యను పత్రికను త్రైమాసికముగా ప్రారంభించిరి. మరుసటి యేడు 'నవకర్ణాటక' యను వారపత్రికను కూడ మొదలిడిరి. ధర్మపత్రికకు చందాదారులు ఆశీర్వచనములు పంపినంత శీఘ్రముగా చందాలు పంపరు. త్రైమాసిక పత్రికను చదువు ఇండ్లలో ఇది వేరుగా చెప్పనక్కరలేదు. వ్రాతప్రతి సిద్ధము చేయుట మొదలు ప్రూఫులు దిద్దుటవరకు ఆ భారమంతయు ఆయన మీదనే పడెను. అయినను 'శివానుభవ' దశాబ్దముల తరబడి వెలువడినది. హరిహర మహాకవి రగళలు మొదలగు శరణచరిత్రములను కూడ ఆయన పరిష్కరించి ప్రకటించిరి. ముడి తాడులు పేను కాయకము చేసిన నులియ చందయ్య, జారి నీటబడిన ఇష్టలింగమును కూడ లెక్కింపక కాయకమునందే నిలిచెనని కథ. పని నడుచుచుండగా ఆపరాదను ఆ పట్టుదల హళకట్టివారి పత్రికా నిర్వహణమున కనబడుచున్నది.

సత్కారమును, ఋణమును

గౌరవములు రాకపోలేదు. 1926లో బళ్లారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు ఆయన అధ్యక్షులైరి. తెలుగు కన్నడములు అక్కచెల్లెండ్రవలె కలిసి మెలగు ఆ పట్టణము ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. ఆంగ్ల ప్రభుత్వము రావుబహద్దూరు బిరుదు నిచ్చెను. కర్ణాటక విశ్వవిద్యాలయము 1956లో గౌరవ డాక్టరేటు నిచ్చి సత్కరించెను. ఆచార్య బి.ఎం. శ్రీకంఠయ్యగారు ఆయనను వచన గుమ్మటమని కొనియాడినట్లు ప్రసిద్ధి. గోల్‌గుంబజులో ఒక్క చప్పుడు చేసిన పలుమారులు ప్రతిధ్వనించును. హళకట్టివారి ద్వారా శరణుల మాట ఎనిమిది వందల ఏండ్లు దాటి ప్రతిధ్వనించెను గనుక ఆ పోలిక మిక్కిలి తగియున్నది. 1964లో ఆయన బిజాపురమున లింగైక్యము చెందిరి.

ఇచ్చట ఒక మాట నిష్ఠురమైనను చెప్పక తప్పదు. చిరిగిన కోటు తొడుగుకొని బిజాపుర వీధులలో నడచిపోవు హళకట్టివారిని గూర్చి కన్నడ సోదరులు కన్నీటితో చెప్పుకొందురు. బ్యాంకు పెట్టిన వానికి నిలువ లేదు. విద్యాసంస్థ పెట్టిన వానికి సొంత యిల్లు లేదు. ఇది విని ఆహా యెంత త్యాగమని చేతులు జోడించుట సులభము. ఆ పేదరికము ఎవరి వలన కలిగినదని అడుగుట కష్టము. ఆయన త్యాగము ఆయన కాయకము. కాని ఆ త్యాగమునకు తోడుగా సమాజము చేయవలసిన దాసోహము ఎచ్చటికి పోయినది? సంసారి త్యాగము చేసినప్పుడు ఆ త్యాగములో సగము ఇల్లాలిది, బిడ్డలది. ఆ యింటివారు పడిన యిబ్బంది ఏ సన్మానపత్రమునకును ఎక్కలేదు. దాసోహమనగా సేవకుడు సమాజమునకు చేయునది మాత్రమే యని తలచుట పొరపాటు. సమాజము తన సేవకుని యింటి పొయ్యి ఆరకుండ చూచుకొనుటయు దాసోహమే. బ్రదికియున్నప్పుడు చందా కట్టక, పోయిన పిదప విగ్రహమునకు పూలదండ వేయుట తాళపత్రమునకు విభూతి పూసి లోపలి చెదను చూడకుండుట వంటిదే.

గ్రహింపవలసినది

శరణబంధువులారా! హళకట్టివారి జీవితమునుండి మూడు విషయములు గ్రహింపదగియున్నవి.

మొదటిది ప్రజల పదవులలో నున్నవారికి. నేడు లింగాయత కుటుంబముల బిడ్డలు పంచాయతీలలో, మునిసిపాలిటీలలో, బ్యాంకులలో, ప్రభుత్వ కచేరులలో ఎందరో కలరు. ఇంట లింగపూజ తప్పక చేయువారే. కచేరికి వచ్చిన వృద్ధురాలిని నాలుగుమారులు త్రిప్పినవాడు ఉదయము చేసిన పూజ ఏమగును? ఎదుటివాడు జంగమము. వానిని నిలువబెట్టి లింగమునకు అభిషేకము చేసిన, ఆ నీరు లింగమునకు చేరదు. పదవిలో చేరిననాటి ఆస్తికిని, దిగిననాటి ఆస్తికిని లెక్క చూచుకొనుడు. లక్కమ్మ ఆ లెక్కను ప్రతి సాయంకాలము చూచినది. అందరును ఇల్లమ్ముకొనవలెనని ఎవ్వరు చెప్పరు. అక్కరకు మించిన గింజను ఇంటికి తేకుండిన చాలును.

రెండవది మఠములకును, సంఘములకును. మఠముల భోషాణములలో నేటికిని విప్పని తాటాకు కట్ట లుండవచ్చును. అట్లున్నచో పండితులకు చూపి, ఛాయాచిత్రములు తీయించి భద్రపరచుట గురుపూజ. హళకట్టివారు నాటిన బీజమువలననే 1993లో కర్ణాటక ప్రభుత్వము వచనములన్నింటిని 15 సంపుటములుగా ప్రకటించినది. ఆయన పోయిన 1964లోనే బి.డి. జత్తిగారు స్థాపించిన బసవసమితి వచనములను తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలోనికి తెచ్చినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. బసవని కథను కన్నడమునకు పురాణరూపమున అందించినది తెలుగు. ఆ ఋణమును కన్నడము వచనములతో తీర్చుచున్నది. ఇచ్చిపుచ్చుకొనుటలో తెలుగు శరణులు పుచ్చుకొనుటకైనను బద్ధకింపరాదు. అట్లే సంఘపు ఖాతా పుస్తకమును ఏటేట సభలో చదివి వినిపించుట కూడ వచన పఠనముతో సమానమైన పుణ్యమని ఎరుగవలెను.

మూడవది గృహస్థులకు. పెరటిచెట్టు మందునకు రాదందురు. ఊరిలో నిస్స్వార్థముగా పనిచేయు ఉపాధ్యాయుడు, సంఘ కార్యదర్శి, గ్రంథాలయమును నడుపు వృద్ధుడు కనుల యెదుటనే యుందురు. వారిని గుర్తింపక, దూరపు పెద్దల పటములకు మాత్రమే దండలు వేయుదురు. వారి పనిలో ఒక చేయి వేయుడు. వారి యింటి కష్టసుఖములు విచారింపుడు. వారు బ్రదికియుండగానే మంచిమాట చెప్పుడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను గదా. రాత్రి భోజనమునకు ముందు ఇంటిల్లిపాది కూర్చుండి ఒక్క వచనమును అర్థముతో చదువుకొనుడు. ఆ ఒక్క వచనము వెనుక ఒక వకీలు అమ్ముకొన్న ఇల్లు కలదని బిడ్డలకు చెప్పుడు.

ఏటేట జూలై 2వ తేదీ వచ్చును, పోవును. ఆనాడు హళకట్టివారి పటమునకు పూజ జరుగును. జరుగవలసినదే. పూజ ముగిసిన పిదప పటము క్రింద నిలిచినవారి చేతులలో ఏమున్నదని చూచుకొనవలెను. ఊరి చెరువు పూడిక తీయు పార యున్నను, సంఘపు లెక్కల పుస్తక మున్నను, బిడ్డకు చదువు చెప్పు పలక యున్నను, తెరచిన వచనగ్రంథ మున్నను ఆయన ఋణము కొంత తీరినట్లు. వట్టి హారతిపళ్లెము మాత్రమే యున్నచో తాటాకు కట్టలకు మ్రొక్కి చెదకు అప్పగించిన కాలము ఇంకను గడువలేదన్నమాట.

కూడలసంగమదేవుని కృపవలన ప్రజల పని చేయు ప్రతి చేయి శుచిగా నుండుగాక. ఆ చేతిని ఆదుకొను బుద్ధి సమాజమునకు కలుగుగాక. శరణుల కాయకము ఊరూర వర్ధిల్లుగాక.

శివార్పణమస్తు.